మే ఎనిమిదవ తేదీ

1945వ సంవత్సరము మే నెల 8వ తేదీ, మంగళవారము. ఆనాటి మధ్యాహ్నము మూడు గంటలకు బ్రిటిషు ప్రధానమంత్రి చర్చిల్ రేడియోలో ప్రసంగించి, ఐరోపాఖండమున యుద్ధము ముగిసినదని ప్రజలకు తెలిపెను. బాంబుల భయమువలన ఏండ్ల తరబడి చీకటిలో గడపిన లండను నగరమున ఆ రాత్రి దీపములు వెలిగెను. వీథులలో ఇసుక చల్లిన రాలనంతగా జనము నిండెను. చర్చి గంటలు మ్రోగెను. ముక్కు మొగము తెలియనివారు సైతము ఒకరినొకరు కౌగిలించుకొనిరి. నాటినుండి ఐరోపాలోని పలుదేశములవారు ఏటేట మే 8వ తేదీని విజయదినముగా స్మరించుచున్నారు.

రష్యావారు మాత్రము ఈ ఉత్సవమును మరునాడు, అనగా మే 9వ తేదీన జరుపుకొందురు. దీనికి కారణము వింతయైనది. జర్మను సేనాధికారులు మొదట మే 7వ తేదీ తెల్లవారుజామున ఫ్రాన్సులోని రైమ్స్ నగరమున లొంగుబాటు పత్రముపై సంతకము చేసిరి. సోవియట్ ప్రభుత్వము దానితో తృప్తిపడక, శత్రువు రాజధానియైన బెర్లినుననే మరల సంతకము జరుగవలెనని పట్టుపట్టి సాధించెను. పత్రము ప్రకారము పోరు ఆగవలసిన గడియ 8వ తేదీ రాత్రి 11 గంటల 1 నిమిషము. ఆ గడియకు మాస్కోలో అర్ధరాత్రి దాటి 9వ తేదీ ప్రవేశించి యుండెను. ఒకే విజయమునకు రెండు వార్షికోత్సవములు ఏర్పడుట ఇట్లు సంభవించినది.

ముప్పదియైదు సంవత్సరముల పిమ్మట, 1980వ సంవత్సరమున, అదే మే 8వ తేదీన మరియొక విజయము ప్రకటింపబడెను. ఆనాడు గురువారము. స్విట్జర్లండు దేశములోని జినీవా నగరమున ప్రపంచ ఆరోగ్య సభ సమావేశమై యుండెను. మానవజాతిని వేల సంవత్సరములుగా పీడించిన మశూచివ్యాధి భూమిపై ఇక ఎచ్చటను లేదని ఆ సభ చాటెను. ఆ రాత్రి జనము వీథులలోనికి రాలేదు. నగరములు దీపములతో వెలుగలేదు. ఇరువదవ శతాబ్దములో మశూచివలన మరణించినవారు సుమారు 30 కోట్ల మంది అని అంచనా. రెండు ప్రపంచయుద్ధములలో మరణించినవారిని కలిపి లెక్కించినను ఆ సంఖ్యకు సగము కారు. అట్టి శత్రువు ఓడిన దినమును నేడు జ్ఞాపకముంచుకొన్నవారు బహు తక్కువ.

మశూచి యెట్టిదో నేటి బాలబాలికలు ఎరుగరు. ఎరుగకుండుటయే ఆ విజయమునకు తార్కాణము. ఆ వ్యాధి ఒక వైరసువలన కలుగును. రోగి ఊపిరిద్వారా, అతని బట్టలద్వారా అది దగ్గరనున్నవారికి సోకును. సోకిన తరువాత సుమారు పండ్రెండు దినములు ఏ చిహ్నమును కనబడదు. పిమ్మట హఠాత్తుగా తీవ్రమైన జ్వరము, నడుమునొప్పి వచ్చును. రెండు మూడు దినములకు మొగముపై, చేతులపై, కాళ్లపై పొక్కులు లేచి, వానిలో చీము పట్టును. వ్యాధి సోకిన ప్రతి పదిమందిలో ముగ్గురు మరణించుచుండిరి. బ్రతికినవారి మొగముపై గుంటల మచ్చలు జీవితాంతము నిలిచెడివి. కొందరికి కన్నులు పోయెడివి. ఒకసారి సోకి బ్రతికినవారికి మాత్రము అది మరల రాదు. ఈ యొక్క విషయమే తరువాతి కథకంతటికిని మూలము.

ఈ రోగమునకు రాజని, పేద యని భేదము లేకుండెను. క్రీస్తునకు పూర్వము పండ్రెండవ శతాబ్దమున మరణించిన ఈజిప్టు చక్రవర్తి ఐదవ రామెసీసు శవము నేటికిని భద్రపరచబడి యున్నది; దాని మొగముపై మశూచి పొక్కులవంటి గుర్తులు కనబడుచున్నవి. ఇంగ్లండు రాణి రెండవ మేరీ 1694లోను, ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీ 1774లోను ఈ వ్యాధితోనే కన్నుమూసిరి. 1520లో స్పెయిను దండుతోపాటు మశూచి మెక్సికోలో అడుగుపెట్టెను. అచ్చటి ప్రజలకు అంతకుముందు అది తెలియదు. ఆజ్‌టెక్ రాజు కూయిట్లావాక్‌తో సహా లెక్కకు మిక్కిలిగా జనులు మడిసిరి. ఆ రాజ్యము కూలుటలో స్పెయిను కత్తులకంటె ఈ వ్యాధి చేసిన పని తక్కువది కాదు.

తెలుగుదేశమున దీనిని రోగమని పిలుచుటకే ప్రజలు జంకిరి. ‘అమ్మవారు పోసినది’ అనిరి. ఆటలమ్మనుండి వేరుచేయుటకు ‘పెద్దమ్మవారు’ అనిరి. గుమ్మమునకు వేపమండలు కట్టి, పోలేరమ్మకో పోచమ్మకో మ్రొక్కుకొని, ఇంట తాలింపు వేయక, రోగిని వేపాకులపై పరుండబెట్టిరి. మందులేని కాలమున దిక్కులేనివారికి ఆ మ్రొక్కే ధైర్యము. వాకిట వేపమండలు చూచి పరాయివారు ఆ యింటికి పోకుండుటవలన వ్యాధి వ్యాపించుట కొంత తగ్గియు నుండవచ్చును. అయితే అమ్మవారికి కోపము వచ్చునని రోగిని దాచుట, టీకాలు వలదనుట అనువానివలన కలిగిన నష్టమును కాదనుటకు వీలులేదు.

టీకా అను మాటకు బొట్టు, గుర్తు అని అర్థము. జెన్నరు పుట్టుకకు ముందే భారతదేశమున, చైనాలో, తురుష్కదేశమున ఒక ఆచారము ఉండెను. స్వల్పముగా మశూచి సోకినవారి పొక్కులనుండి రసి తీసి, ఆరోగ్యవంతునకు పట్టించుచుండిరి. వానికి తేలికగా వ్యాధి వచ్చి తగ్గిపోయి, ఆపై జీవితమంతయు రక్షణ కలుగుచుండెను. తురుష్క రాజధానిలో బ్రిటిషు రాయబారి భార్యయైన మేరీ మాంటెగూ ఈ పద్ధతిని చూచెను. ఆమె తానును మశూచితో బాధపడి మచ్చలు మిగుల్చుకొన్నది. 1718లో తన కుమారునకు అచ్చటనే ఆ టీకా వేయించి, 1721లో లండనులో కుమార్తెకును వేయించెను. తూర్పుదేశపు స్త్రీలు చేయు పనిని పడమటి వైద్యులు నేర్చుకొనుటకు ఆమెయే దారి చూపెను. కాని ఈ పద్ధతిలో అపాయమును కలదు. నూటికి ఒకరో యిద్దరో దానివలననే మరణించిరి. పైగా టీకా పొందినవాడు కొంతకాలము ఇతరులకు అసలైన మశూచినే అంటింపగలడు.

ఆ యపాయమును తొలగించినవాడు ఎడ్వర్డు జెన్నరు. అతడు ఇంగ్లండులోని బర్క్‌లీ అను చిన్న ఊరి వైద్యుడు. పాలుపితుకు పడుచులకు ఆవుల పొదుగునుండి చేతులకు చిన్న బొబ్బలు వచ్చుననియు, అట్టివారికి మశూచి రాదనియు ఆ ప్రాంతపు రైతులు చెప్పుకొనుచుండిరి. చదువుకొన్న వైద్యులు దానిని పామరుల మాటగా త్రోసివేసిరి. జెన్నరు త్రోసివేయలేదు. 1796వ సంవత్సరము మే నెల 14వ తేదీన అతడు సారా నెల్మ్స్ అను పడుచు చేతి బొబ్బనుండి రసి తీసి, తన తోటమాలి కుమారుడైన జేమ్స్ ఫిప్స్ చేతిపై రెండు గాట్లు పెట్టి అంటించెను. ఆ బాలునకు ఎనిమిదేండ్లు. కొద్దిపాటి జ్వరము వచ్చి తగ్గెను. జూలై 1వ తేదీన జెన్నరు అదే బాలునకు నిజమైన మశూచి రసిని అంటించి చూచెను. వ్యాధి రాలేదు.

పసివానిపై ఇట్టి పరీక్ష చేయుటను నేటి వైద్యనీతి అంగీకరింపదు. అంగీకరింపకుండుటే న్యాయము. జెన్నరు ఆ బాలుని మరువలేదు; పెద్దవాడైన పిమ్మట అతనికి అద్దె లేకుండ ఒక యిల్లు ఇచ్చెను. 1823లో జెన్నరు మరణించినప్పుడు ఫిప్స్ అంత్యక్రియలకు వచ్చెను. ఇంకొక న్యాయమును చెప్పవలసి యున్నది. జెన్నరుకంటె 22 సంవత్సరములు ముందు, 1774లో, బెంజమిను జెస్టీ అను రైతు ఆవుబొబ్బల రసిని తన భార్యకును, ఇద్దరు కుమారులకును ఒక సూదితో అంటించెను. ఇరుగుపొరుగువారు అతనిని దూషించిరి. అతడు వ్రాసి ప్రకటించినవాడు కాడు గనుక లోకము మే 14వ తేదీని జ్ఞాపకముంచుకొని, జెస్టీ దినమును మరచినది. జెన్నరు తన పరిశీలనలను 1798లో గ్రంథముగా అచ్చువేయించెను. లాటిను భాషలో ఆవునకు ‘వాక్కా’ అని పేరు. వాక్సీను అను మాట అందుండియే పుట్టినది. సారా చేతికి బొబ్బలంటించిన ఆవు పేరు బ్లాసం. దాని చర్మమును లండనులోని ఒక వైద్యకళాశాలవారు భద్రపరచిరి.

మందు దొరకినది, దానిని దూరదేశములకు చేర్చుటెట్లు? ఆ కాలమున మంచుపెట్టెలు లేవు. రసి కొలది దినములకే చెడిపోవును. ఒకరికి టీకా వేసి, ఎనిమిది తొమ్మిది దినములకు అతని చేతి బొబ్బనుండి రసి తీసి మరొకరికి వేయుట తప్ప వేరు దారి లేకుండెను. స్పెయిను రాజు పంపగా బాల్మిస్ అను వైద్యుడు 1803 నవంబరు 30వ తేదీన ‘మరియా పీటా’ అను ఓడలో అమెరికాకు బయలుదేరెను. ఆ ఓడలోని మందుపెట్టెలు ప్రాణముగల మందుపెట్టెలు! అవి 22 మంది అనాథబాలురు. సముద్రమధ్యమున ఇద్దరి చేతులనుండి మరి యిద్దరి చేతులకు, వారినుండి ఇంకొక యిద్దరికి రసిని మార్చుచు పోయిరి. బాలురను ఇసబెల్ సెందాల్ అను దాది కన్నతల్లివలె కాపాడెను. ఆ దండ ఎచ్చటను తెగలేదు. వెనెజులా, మెక్సికో దేశములు దాటి, ఇతర బాలురతో అది ఫిలిప్పైను దీవులవరకు పోయెను. ఆ పిల్లలలో పెక్కుమంది పేర్లు చరిత్రపుటలలో మూలకు పడియున్నవి.

భారతదేశమునకు ఆ రసి వియన్నా, కాన్‌స్టాంటినోపిలు, బాగ్దాదు, బస్రా పట్టణములమీదుగా చేతినుండి చేతికి వచ్చెను. 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో మూడేండ్ల బాలికకు వేసినదే ఈ దేశమున తొలి టీకా. ఆమె చేతినుండి తీసిన రసి ఇతర రాష్ట్రములకు పోయెను. తరువాతి కాలమున దూడలపై రసిని పెంచు పద్ధతి వచ్చెను. మద్రాసు చేరువ గిండీలోని కింగ్ సంస్థ ఆ పనికి ప్రసిద్ధి పొందెను. టీకాలవాడు ఊరిలోనికి వచ్చెనన్న పిల్లలు గాదెల చాటున, గడ్డివాముల వెనుక దాగుట తెలుగు పల్లెలలో మామూలు. 1970కి పూర్వము పుట్టిన పెద్దల చేతులపై రూపాయి బిళ్లవంటి గుండ్రని మచ్చలు నేటికిని కనబడును. నేటి పిల్లల భుజముపై నుండు చిన్న మచ్చ వేరు. అది క్షయవ్యాధి రాకుండుటకు వేసిన టీకాది.

ఐరోపా, ఉత్తర అమెరికా దేశములు ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమునకు మశూచిని తమ పొలిమేరలు దాటించినవి. వేడిమిగల బీదదేశములలో మాత్రము అది నిలిచియుండెను. ఎండలో మందు చెడిపోవుటయు, డబ్బులేమియు కారణములు. లండనులోని లిస్టరు సంస్థలో కొలియరు అను శాస్త్రజ్ఞుడు మందును గడ్డకట్టించి, తేమను తొలగించి, పొడిగా మార్చు ఉపాయమును 1950 తరువాతి యేండ్లలో చక్కబరచెను. ఆ పొడి ఎండకు నెలల తరబడి చెడదు.

1958లో ప్రపంచ ఆరోగ్య సభ అమెరికాలోని మినియాపొలిస్ నగరమున కూడెను. ఆ రోజులలో అమెరికాకును సోవియట్ యూనియనుకును ఉప్పు నిప్పుగా నుండెను. ఇరువురును అణ్వస్త్రములు కూడబెట్టుచుండిరి. సోవియట్ ప్రతినిధి డాక్టరు విక్టరు ఝ్దానవ్ లేచి, మశూచిని లోకమునుండియే తుడిచిపెట్టుదమని ప్రతిపాదించెను. ఆతడు తన ప్రసంగమున, అమెరికా అధ్యక్షుడు జెఫర్సను 1806లో జెన్నరునకు వ్రాసిన జాబును ఆదరముతో ప్రస్తావించెను. ఆ జాబులో జెఫర్సను, ఒకనాటికి మశూచి యను వ్యాధి ఉండెడిదని జనులు చరిత్రద్వారా మాత్రమే తెలిసికొందురని ఊహించి యుండెను. సభ మరుసటి యేట ఒప్పుకొనెను. ధనము చాలక కొన్నియేండ్లు పని నత్తనడక నడచెను. 1967 జనవరి 1వ తేదీన అసలు ఉద్యమము ప్రారంభమాయెను. దానికి నాయకుడు అమెరికా వైద్యుడు డొనాల్డు హెండర్సన్. మందులో అధికభాగము సోవియట్ యూనియను ఉచితముగా ఇచ్చెను. ఆ యేట 31 దేశములలో మశూచి తిష్ఠవేసి యుండెను. ఏటికి కోటిమందికి పైగా రోగులు, సుమారు 20 లక్షల మరణములు.

వారి ఆయుధము జానెడు పొడవైనను లేని ఒక సూది. దాని కొన పంగలకర్రవలె రెండుగా చీలి యుండును. ఆ చీలిక మధ్య ఒక్క చుక్క మందు నిలుచును. చర్మముపై పదునైదు మారులు పొడిచిన చాలును. నీటిలో కాచి మరల వాడవచ్చును. అంతకుముందు ఒకనికి చాలు మందు దీనితో నలుగురికి సరిపోయెను. చదువురాని వాడైనను పావుగంటలో ఆ పని నేర్చుకొనగలడు.

ఎల్లరకును టీకా వేసినగాని మశూచి పోదని మొదట తలచిరి. నైజీరియాలో 1966 డిసెంబరునందు ఈ తలంపు మారెను. విలియం ఫేగీ అను యువవైద్యునకు రోగము వచ్చిన ఊళ్లు కనబడెను. వలసినంత మందు లేదు. అతడు యౌవనమున అడవులలో కార్చిచ్చు ఆర్పు పనిచేసినవాడు. అడవినంతయు తడుప నక్కరలేదు, మంట చుట్టు ఉన్న పుల్లలను తొలగించిన చాలునని అతడెరుగును. ఆ ప్రాంతపు మిషనరీల రేడియోయంత్రములద్వారా ఏ యూర రోగి ఉన్నదియు తెలిసికొని, రోగి చుట్టుపట్ల వారికి మాత్రమే టీకాలు వేయించెను. రోగము ఆగిపోయెను. నాటినుండి రోగిని వెదకుట, వెలివేయక వేరుగా నుంచుట, చుట్టును కంచెవలె టీకాలు వేయుట అనునదే పద్ధతి యాయెను.

ఈ పద్ధతికి అతి కఠినమైన పరీక్ష భారతదేశమున జరిగెను. 1973 శరత్కాలమునుండి ఆరోగ్యశాఖ ఉద్యోగులు ఇంటింటికి పోయి వెదకసాగిరి. మశూచి సోకిన శిశువు పటమును చేతబట్టుకొని, ‘ఇట్టివారిని ఎచ్చటనైన చూచితిరా?’ అని సంతలలో, టీదుకాణములలో, బడులలో అడిగిరి. దాగియున్న రోగులు ఊహించినదానికంటె ఎన్నోరెట్లు బయటపడిరి. 1974 మొదటి యైదు నెలలలో ఒక్క బీహారు, ఒరిస్సా, పశ్చిమ వంగ రాష్ట్రములలోనే సుమారు 15 వేలమంది మరణించిరి. ఆ మే నెల 18వ తేదీననే పోఖ్రానులో భారతదేశము తొలి అణుపరీక్ష జరిపెను. లోకము దృష్టి అటుపోయెను.

బీహారు ఆరోగ్యమంత్రి విసిగి, వెదకుట మాని అందరకును టీకాలు వేయవలెనని ఒక సభలో ఆజ్ఞాపింపబోయెను. ఆ సభలో జరిగినదానిని ఫేగీ తన గ్రంథమున వివరించెను. ఒక యువవైద్యుడు లేచి, తాను పల్లెటూరివాడననియు, తమ యూర ఇల్లు తగులబడినప్పుడు నీళ్లు ఆ యింటిపై పోయుదురు గాని ఊరిలోని ఇండ్లన్నింటిపై పోయరనియు చెప్పెను. మంత్రి ఆలోచించి ఒక నెల గడువిచ్చెను. ఆ నెల గడచులోపల రోగము తగ్గుముఖము పట్టెను. రోగి యున్న యింటివద్ద రాత్రింబగళ్లు కావలివారిని ఉంచిరి. క్రొత్త రోగిని చూపినవారికి బహుమానము మొదట 50 రూపాయలు. రోగులు తగ్గినకొలది అది పెరిగి 1,000 రూపాయ లాయెను. 1975 మే నెలలో దేశమున తుది రోగి కనబడెను. ఆ ఆగస్టు 15వ తేదీన, స్వాతంత్ర్య దినోత్సవమునాడు, మశూచినుండియు దేశమునకు స్వేచ్ఛ లభించినదని సంతోషము ప్రకటించిరి.

బంగ్లాదేశమున అదే యేట అక్టోబరులో భోలా ద్వీపమునందు రహిమా బాను అను పసిబాలికకు మశూచి వచ్చెను. ఆ వార్తను అధికారులకు తెలిపినది ఎనిమిదేండ్ల బాలిక. ఆమెకు 250 టాకాల బహుమానము లభించెను. రహిమా బ్రతికెను. మశూచిలో ఘోరమైన రకము ఆమెతో అంతరించెను.

తేలికరకము ఆఫ్రికాలో మిగిలియుండెను. సోమాలియా దేశములోని మెర్కా పట్టణమున అలీ మావ్ మాలిన్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు ఆసుపత్రిలో వంటవాడు. 1977 అక్టోబరు 12వ తేదీన ఇద్దరు రోగులను తీసికొనిపోవు బండి దారి తెలియక ఆగెను. అతడు బండిలో ఎక్కి దారి చూపెను. ప్రయాణము కొలది నిమిషములు మాత్రమే. అతడు టీకా వేయించుకొనలేదు. నొప్పికి భయపడి తప్పించుకొనెను. అక్టోబరు 26వ తేదీన అతని ఒంటిపై పొక్కులు లేచెను. వైద్యులు మొదట మలేరియా యనిరి, తరువాత ఆటలమ్మ యనిరి. నిజము తెలిసిన పిమ్మట అతనితో కలిసి మెలిగిన 161 మందిని వెదకి పట్టుకొనిరి. రెండు వారములలో 54,777 మందికి టీకాలు వేసిరి. వారిలో ఒక్కరికిని వ్యాధి రాలేదు. మాలిన్ కోలుకొనెను. లోకమున సహజముగా మశూచి సోకిన చివరి మానవుడు అతడే.

పిమ్మట రెండేండ్లు వెదకిరి. ఈ నడుమ ఒక విషాదము జరిగెను. 1978లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరమున పరిశోధనకై దాచిన వైరసు ఎట్లో వెలుపలికి వచ్చి, పై అంతస్తున పనిచేయు ఒక ఛాయాచిత్రకారిణికి సోకెను. ఆమె సెప్టెంబరు 11వ తేదీన మరణించెను. రోగము దేశములనుండి పోయినను సీసాలలో బ్రతికియుండునని లోకమునకు అప్పుడు తెలిసెను. ఆపై చాల పరిశోధనశాలలు తమ నిలువలను నాశనము చేసెను. నేడు అమెరికాలోని అట్లాంటాలో ఒకచోట, రష్యాలోని కోల్త్‌సోవోలో ఒకచోట మాత్రమే ఆ వైరసు తాళములలో నున్నది. దానిని కాల్చివేయవలెనని కొందరు, పరిశోధనకు ఉంచవలెనని కొందరు వాదించుచు, నిర్ణయమును పలుమారులు వాయిదా వేసిరి.

1979 డిసెంబరు 9వ తేదీన నిపుణుల సంఘమువారు మశూచి అంతరించినదని ధ్రువపత్రముపై సంతకములు చేసిరి. అదియే 1980 మే 8వ తేదీన జినీవా సభ ముందుకు వచ్చినది. అంతకు పదమూడేండ్లుగా ఉద్యమమునకైన వ్యయము సుమారు 30 కోట్ల డాలర్లు. మానవులు ప్రయత్నించి భూమినుండి తుడిచిపెట్టిన మానవవ్యాధి ఇది యొక్కటియే. పశువులకు వచ్చు రిండర్‌పెస్టు వ్యాధి 2011లో అంతరించెను. పోలియో ఇంకను పూర్తిగా పోలేదు.

యుద్ధవిజయమునకు వార్షికోత్సవము జరుగుట సులభము. సైన్యము కలదు, పతాక కలదు, పోరినవాడు కలడు. రాని రోగమునకు ఊరేగింపు ఎట్లు జరుపుదురు? ఆనాడు బ్రతికిపోయినవాడు తాను బ్రతికిపోయితినని ఎరుగడు. జినీవాలో ఆరోగ్యసంస్థ కార్యాలయము ముంగిట 2010లో, ముప్పదియేండ్ల స్మారకముగా, ఒక కంచు విగ్రహసముదాయము నెలకొల్పిరి. అందులో ఒక బాలికకు టీకా వేయబోవుచున్నారు.

మాలిన్ వయసు ముదిరిన పిమ్మట పోలియో నిర్మూలన ఉద్యమమున చేరెను. బిడ్డలకు చుక్కలమందు వలదను తల్లులకడకు పోయి, తాను సూదికి భయపడి ఎట్లు రోగము తెచ్చుకొనెనో చెప్పుచుండెను. మశూచికి తమ దేశము కడపటిదైనదనియు, పోలియోకైనను అట్లు కారాదనియు అతని పట్టుదల. 2008 నాటికి సోమాలియాలో పోలియో ఆగిపోయెను. 2013లో అది మరల తలయెత్తగా, మాలిన్ మెర్కా ప్రాంతమున మరల ఇల్లిల్లు తిరిగెను. ఆ పనిలో నుండగనే మలేరియా జ్వరము తగిలి, జూలై 22వ తేదీన మరణించెను.